బోర్డు మీది సున్న

మా వంటగది తలుపు తొమ్మిదేళ్లుగా కిర్రుమంటూ ఉండేది. ఎవరు లోపలికి వెళ్లినా, ఎవరు బయటికి వచ్చినా ముందుగదిలో కూర్చున్న నాకు తెలిసిపోయేది. కోడలు కాపురానికి వచ్చిన మూడో వారం ఆ చప్పుడు ఆగిపోయింది. బాగుచేసింది ఎవరో ఎవరూ చెప్పలేదు. నాకు అనుమానం వచ్చింది. చెప్పకుండా తలుపు బాగుచేసిన మనిషి, చెప్పకుండా ఇంకేం చేస్తుందో ఎవరికి తెలుసు?

ఆ అమ్మాయి గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను. ఆమె పేరు పేపర్లో పడలేదు, పడే పనీ కాదు. అయితే చెప్పేవాడి సంగతి తెలియకపోతే చెప్పిన మాటకు విలువుండదు కాబట్టి, ముందు నా సంగతి.

నేను పల్లెబడిలో ఎనిమిదో తరగతి దాకా చదివాను. నా దస్తూరీ తన దస్తూరీ కంటే బాగుంటుందని మా పంతులుగారే ఒప్పుకున్నారు. బస్సు డిపోలో ముప్పై ఒక్క ఏళ్లు డ్యూటీ బోర్డు రాశాను. అరవై నాలుగు బస్సులు, రెండువందల పన్నెండు మంది డ్రైవర్లు. రేపు ఎవరు ఏ బస్సు ఎక్కాలో సాయంత్రం అయిదింటికల్లా చాక్‌పీసుతో రాసి చేతులు దులుపుకునేవాణ్ని. రాసిన పేరు చెరపాల్సి వచ్చింది నా సర్వీసు మొత్తంలో పదకొండుసార్లు. డ్రైవరు లేక బస్సు ఆగింది రెండుసార్లు. ఒకసారి వరద వచ్చింది. రెండోసారి ఆ డ్రైవరు నాకు చెప్పకుండా పెళ్లి చేసుకున్నాడు. పైఅధికారి చేతుల మీదుగా గోడగడియారం అందుకున్నాను. ఇప్పటికీ అది ఒక్క నిమిషం తప్పదు.

ఆరేళ్ల కిందట, నేను దిగిపోయే ఏడాదిలోనే బోర్డు తీసేసి గోడకి తెర తగిలించారు. ఆ తెరలో చార్టు వేసే ప్రోగ్రాము ఒక చిన్న కంపెనీది. టైర్ల కొట్టు పైన మూడో అంతస్తులో పద్నాలుగు మంది కూర్చుని పనిచేస్తారు. మా అబ్బాయి ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు. వాడు ఇష్టపడిన పిల్ల ఆ కంపెనీలోనే పనిచేస్తోందని నాకు పెళ్లయ్యాక తెలిసింది. ముందే తెలిసి ఉంటే ఇంకో నాలుగు ప్రశ్నలు అడిగి ఉండేవాణ్ని.

ఆమె నాన్న కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. చిన్నప్పుడు బడి నుంచి తిన్నగా కొట్టుకే వెళ్లేదట. మిషను తిరుగుతుంటే చెవి దగ్గరగా పెట్టి, ఎక్కడ నూనె ఆరిపోయిందో, ఎక్కడ అరిగిపోయిందో చెప్పేదట. ఇప్పటికీ ఆమె దగ్గర మరలూ నట్లూ నింపిన రేకు డబ్బా ఒకటి ఉంది. మాట తక్కువ. అడిగితే చెబుతుంది. అడక్కపోతే నవ్వుతుంది. నవ్వే మనుషులంటే నాకు మొదటినుంచీ కాస్త జాగ్రత్త.

వారంలో మూడు రోజులు ఇంటినుంచే పని. భోజనాల బల్ల కిటికీ వైపు జరుపుకుని కూర్చునేది. నేను పేపరు పట్టుకుని వెనక నుంచి అటూ ఇటూ నడిచేవాణ్ని. నాకా భాష రాదు. కానీ ముప్పై ఒక్క ఏళ్లు బోర్డు రాసినవాడికి, రాయడమేదో చెరపడమేదో తెలుస్తుంది. ఆమె రాసేది గుప్పెడు, చెరిపేది బుట్టెడు.

ఒకరోజు ఆగలేక అడిగాను.

"ఏం చేస్తున్నావమ్మా?"

"తీసేస్తున్నాను మామయ్యా."

"నిన్ను పెట్టుకుంది రాయడానికా, తీసేయడానికా?"

"అదే ప్రశ్న మా మేనేజరు కూడా అడుగుతున్నారు," అని నవ్వింది.

ఆ నవ్వు వెనక ఏముందో ఆ నెల పదో తారీకున అన్నం దగ్గర బయటపడింది. మా అబ్బాయి ఊరికే, "ఏంటి ఇవాళ డల్‌గా ఉన్నావ్?" అన్నాడు.

ఆమె చెప్పింది. ఆ మేనేజరుని ఆఫీసులో చాటుగా ఇంకేంటిగారు అంటారట. ప్రతి శుక్రవారం అందరినీ కూర్చోబెట్టి, "ఇంకేంటి కొత్తగా?" అని అడుగుతాడు కాబట్టి. ఒకడు డ్రైవర్లకి పుట్టినరోజు శుభాకాంక్షలు వచ్చేలా చేశాడు. ఒకామె వాతావరణం బొమ్మలు పెట్టింది. మా కోడలి పని, ఉన్నదాన్ని బాగుచేయడం. ఎనిమిది నెలలుగా ఆమె వంతు వచ్చినప్పుడల్లా, "కొత్తదేం లేదండి, పాతది కొంచెం నయం," అంటోంది.

"నెలాఖరుకి పైఅధికారి డిపోకే వస్తున్నారు, ప్రోగ్రాము ఉంచాలా మార్చాలా చూడటానికి. ముప్పయ్యో తారీకు. ఆ రోజు ఆయన కంటికి కనపడేది ఏదైనా చూపించు, లేకపోతే నీ కుర్చీ తీసేస్తాం అన్నారు."

"అయితే ఏదో ఒకటి కొత్తది చేసిపెట్టు," అన్నాడు అబ్బాయి.

"అందరూ కొత్తదే చేస్తే లోపల తుప్పు ఎవరు గోకుతారు? చార్టు సాయంత్రం ఒకలా ఉంటోంది, పొద్దున ఇంకోలా ఉంటోంది. ఎందుకో దొరకట్లేదు. అది దొరక్కుండా పైన ఎన్ని బొమ్మలు పెడితే ఏంటి?"

మా ఆవిడ నా వైపు చూసింది. "డిపో సంగతి మీకు తెలియందేముంది, చెప్పండి పిల్లకి."

"నా బోర్డు ఎప్పుడూ మారలేదు," అన్నాను. చెప్పింది అంతే. చెప్పనిది ఇంకా ఉంది. అది తర్వాత వస్తుంది.

పన్నెండో తారీకు పొద్దున అయిదు కాకముందే కోడలు చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మం దాటింది. మర్నాడూ అంతే. మూడో రోజు నేను ముందే లేచి, కండువా తలకి చుట్టుకుని, నాలుగు ఇళ్ల వెనకగా నడిచాను. ఏ ఆలోచనలు వచ్చాయో రాయను. ఇంటిపెద్దకి రావలసినవే వచ్చాయి. ఆమె రెండు సందులు తిరిగి తిన్నగా నా డిపోలోకే వెళ్లింది.

తొలి బస్సు అయిదున్నరకి. డ్రైవర్లు ఒక్కొక్కరే వస్తున్నారు. ఆమె తెరకి ఎదురుగా బెంచీ మీద టీ గ్లాసుతో కూర్చుని, ఒళ్లో చిన్న పుస్తకంలో గీతలు గీస్తోంది. వచ్చిన ప్రతివాడూ జేబులోంచి ఫోను తీసి, తెర పక్కన ఎత్తి పట్టుకుని, దాన్నీ దీన్నీ మార్చి మార్చి చూస్తున్నాడు. చూసినవాడికల్లా ఒక గీత.

నేను స్తంభం పక్కన నిలబడ్డాను. నా వీపు మీద చెయ్యి పడింది.

"గురువుగారూ, కండువా చుట్టుకుంటే పోల్చలేననుకున్నారా? ఆ నడక ఈ డిపోలో ఇంకెవరికుంది?"

అతను కంట్రోలరు. మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుంది కాబట్టి అందరికీ ఈలబాబు. నా దగ్గర పదేళ్లు పని నేర్చుకుని నా కుర్చీలో కూర్చున్నవాడు. నేను తయారుచేసిన నలుగురిలో నమ్మదగినవాడు.

ఇంక దాక్కుని లాభం లేదు. వెళ్లి బెంచీ మీద కూర్చున్నాను. కోడలు జరిగి చోటిచ్చింది. ఎందుకొచ్చారని అడగలేదు.

"ఏం లెక్కపెడుతున్నావు?"

"నమ్మకం, మామయ్యా. వీళ్లంతా సాయంత్రం చార్టుకి ఫోటో తీసుకుంటారు. పొద్దున వచ్చి పోల్చుకుంటారు. నలభై ఏడు మంది వస్తే నలభై ఒక్క మంది ఫోను తీశారు. చార్టుని నమ్మినవాడు ఫోటో తీయడు. ఈ గీతలు తగ్గితే నా పని అయినట్టు."

"మీ మేనేజరుకి చెప్పావా ఇది?"

"చెప్పాను. 'డ్రైవర్లకి ఫోటోలంటే అంత ఇష్టమా' అన్నారు. ఫోటో తీసుకోడానికి చార్టులోనే ఒక బొత్తం పెట్టిస్తున్నారు. చుట్టూ పూల అంచు కూడా వస్తుంది."

నేను నవ్వలేదు. తెర వైపు చూస్తున్నాను. తొలి బస్సు గడిలో ఉన్నది వంతు ప్రకారం రావలసిన పేరు కాదు. అది అక్కడికి ఎలా వచ్చిందో నాకు అర్థమైంది.

ఆ తర్వాత వారం రోజులు ఆమె నన్ను వదల్లేదు. సెలవు ఎలా ఇచ్చేవారు, జ్వరమొస్తే ఎవర్ని వేసేవారు, వంతు ఎక్కడినుంచి మొదలయ్యేది అని బియ్యంలో రాళ్లు ఏరినట్టు అడిగింది. నేను అన్నీ చెప్పాను, ఒకటి తప్ప. ఇవన్నీ పట్టుకెళ్లి ఆ మేనేజరుకి ఇస్తుందేమో, ఆయన తన గొప్పగా చెప్పుకుంటాడేమో అన్న అనుమానం ఒక పక్క. ఇప్పుడు చెబితే ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటారన్న భయం ఇంకో పక్క.

ఇరవయ్యో తారీకు మధ్యాహ్నం ఆమె మొహం వెలిగిపోతూ ఉంది.

"దొరికింది మామయ్యా. చార్టు తనంతట తాను మారట్లేదు. ఒక మనిషి మారుస్తున్నాడు. పొద్దున అయిదుకి పావుగంట ముందు తొలి బస్సు గడిలో పేరు తీసి ఇంకో పేరు పెడుతున్నాడు. ఒక్క పేరు మారిస్తే ప్రోగ్రాము కిందున్న వాళ్లందర్నీ ఒక్కో మెట్టు జరిపేస్తుంది. పన్నెండో నంబరు అనుకుని పడుకున్నవాడు లేచేసరికి పదమూడో నంబరు మీద ఉంటాడు. అందుకే ఫోటోలు."

"ఎవరా మనిషి?"

"మీ ఈలబాబుగారే. వారానికి రెండు మూడుసార్లు. అందరికీ కాదు, కొందరికే. తనకి కావలసినవాళ్లకి సులువైన బస్సులు ఇచ్చుకుంటున్నాడేమో. సాయంత్రం మేనేజరుకి రాసి పంపిస్తున్నాను. అధికారికి చూపించడానికి ఇంతకంటే ఏం కావాలి?"

మా ఆవిడ కూరగాయలు తరుగుతూ తలెత్తింది. "ఈలబాబు అలాంటివాడు కాదే."

"అత్తయ్యా, కంప్యూటరులో టైముతో సహా పడింది. అబద్ధమెలా అవుతుంది?"

పడిందంతా నిజమే. కానీ ఆ కాగితం వెళితే ఈలబాబు పని అయిపోయినట్టే. ఆ అమ్మాయి కుర్చీ నిలబడుతుంది, కానీ అది ఒక అమాయకుడి నెత్తిమీద నిలబడుతుంది. ఆ సంగతి తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. నేను లేచి గోడగడియారం దాకా వెళ్లి వచ్చాను. మళ్లీ వెళ్లాను.

"ఏమండీ, దానికి కీ పొద్దునే ఇచ్చారు కదా," అంది మా ఆవిడ.

"ఆ కాగితం పంపకు," అన్నాను కోడలితో. "కూర్చో. నువ్వు కూర్చునే ఉన్నావు కదూ. అయితే నేను కూర్చుంటాను."

అప్పుడు చెప్పాను. తొలి బస్సు ఎవరికీ ఇష్టముండదు. ఒంట్లో బాగాలేదనో ఇంట్లో పనుందనో, నేను బోర్డు రాయకముందే వచ్చి, తన తొలి బస్సుని ఇంకొకడి మీద పెట్టేవాళ్లు మొదట్లో చాలామంది. దాన్ని ఆపడానికి నా సర్వీసు రెండో ఏట నేనొక పద్ధతి పెట్టాను. ఇవాళ తొలి బస్సు ఇంకొకడికి ఇచ్చినవాడే, వంతు ఎవరిదైనా సరే, రేపటి తొలి బస్సు నడపాలి. బోర్డు మీద వాడి పేరు చుట్టూ సున్న చుట్టేవాణ్ని. సున్న చుట్టిన పేరుని ఎవరూ కదపకూడదు, నేను కూడా. ఆ పద్ధతి పెట్టాక నెలకి ఇరవై మార్పులు అయిదుకి దిగాయి. ఆ సున్న నా సొంత బుర్రలోంచి వచ్చింది. ఏ పుస్తకంలోనూ లేదు.

"మరి ప్రోగ్రాము రాసినప్పుడు మావాళ్లు వచ్చి మీతో మాట్లాడారు కదా?"

"ఇద్దరు వచ్చారు. నాలుగు రోజులు నా గదిలో కూర్చున్నారు. యాభై ఏడు నియమాలు చెప్పాను, రాసుకున్నారు. ఇది యాభై ఎనిమిదోది. చెప్పలేదు."

"మర్చిపోయారా?"

నేను ఏదైనా మర్చిపోయానని ఈ ఇంట్లో ఎవరూ అనలేరు. "మర్చిపోలేదు. వాళ్లు నా కుర్చీ పట్టుకుపోవడానికి వచ్చారని తెలుస్తూనే ఉంది. అన్నీ ఇచ్చేస్తే ఇంక నేనెందుకు? నెల తిరక్కుండా చార్టు తప్పుతుంది, వెతుక్కుంటూ నా దగ్గరికే వస్తారు అనుకున్నాను. ఎవరూ రాలేదు. ఈలబాబుకి పద్ధతి తెలుసు, తెరకి తెలియదు. పాపం వాడు పొద్దునే వచ్చి, సున్న చుట్టాల్సిన పేరుని చేత్తో గడిలో పెడుతున్నాడు. తెరకి కూడా తెలుసనే వాడనుకుని ఉంటాడు. సరిగ్గా పనిచేయట్లేదు, సర్దుతున్నాననుకుని ఉంటాడు."

మా ఆవిడ కత్తి పక్కన పెట్టింది. "గడియారం కథ వెయ్యిసార్లు చెప్పారు. ఈ ముక్క ఒక్కసారి కూడా చెప్పలేదే."

కోడలు కోప్పడుతుందనుకున్నాను. ఆమె కంప్యూటరులో రాసిపెట్టిన ఆ కాగితం తెరిచి, ఎప్పట్లాగే చెరిపేసింది.

"ఆరేళ్లు," అంది. "రెండువందల మంది, ఆరేళ్లు, రోజూ ఫోటోలు."

"ఊఁ."

"మీ పాత బోర్డులకి కాపీలేమైనా ఉన్నాయా?"

ముప్పై ఒక్క పుస్తకాలు అటక మీద ఉన్నాయి, ఏడాదికొకటి. ఒక్క రోజు కూడా ఖాళీ లేదు. దింపించాను. ఆమె ప్రోగ్రాములో సున్నకి చోటు చేసింది. అది చేయడానికి ఒక పూట పట్టిందట. అది సరిగ్గా చేసిందో లేదో తేల్చుకోడానికి నాలుగు రోజులు పట్టింది. నేను పుస్తకంలోంచి చదవడం, ఆమె ఆ రోజు సెలవులూ మార్పులూ ఎక్కించడం, ప్రోగ్రాము వేసిన చార్టుని నా చార్టుతో పోల్చడం. నలభై రోజుల బోర్డులు చూశాం. ముప్పై ఎనిమిది అక్షరం పొల్లుపోకుండా కలిశాయి. మిగిలిన రెంటిలో ఒకటి నా పొరపాటు. రెండోది ఎవరిదో ఇంకా తేలలేదు.

ఇరవై అయిదో తారీకున చిన్న సవరణ అని పేరు పెట్టి దాన్ని డిపోకి పంపింది. పెద్దదంటే అనుమతి కావాలి, చిన్నదంటే ఎవరూ చూడరు అంది. ఆ మాట నాకు నచ్చింది. నా దగ్గర పనిచేయాల్సిన పిల్ల.

ముప్పయ్యో తారీకు డిపో విశ్రాంతి గదిలో కుర్చీలు వేశారు. మాజీ ఉద్యోగిని కాబట్టి నన్నెవరూ ఆపరు. అధికారి ముందు వరసలో, ఈలబాబు పక్కన, నలుగురు డ్రైవర్లు గోడకి ఆనుకుని నిలబడ్డారు. ఇంకేంటిగారిని మొదటిసారి చూశాను. చొక్కా మడత నలగలేదు. మాట్లాడుతున్నంతసేపూ ఎవరి కళ్లలోకీ చూడలేదు, గడియారం వైపు చూశాడు. నేను గమనించాను.

శుభాకాంక్షలు అయ్యాయి, వాతావరణం అయింది. ఆఖరున పూల అంచు ఫోటో బొత్తం నొక్కి చూపించి, "మీవాళ్లు అడిగిందే ఇది సార్, రోజూ ఫోటోలు తీసుకుంటున్నారు," అన్నాడు.

అధికారి గోడ దగ్గరున్న డ్రైవర్ల వైపు తిరిగారు. "ఏమయ్యా, బాగుందా?"

అందరిలో పెద్దవాడు తల గోక్కున్నాడు. "బాగుందండి. పూలు బాగున్నాయి. కాకపోతే ఇప్పుడు ఫోటో ఎందుకండి? అయిదు రోజులబట్టి చార్టు మారట్లేదుగా."

ఇంకేంటిగారు మొదటిసారి గడియారం మీంచి చూపు తిప్పాడు.

"మారట్లేదా? ఎవరు బాగుచేశారు?" అన్నారు అధికారి.

కోడలు లేచి ఆ చిన్న పుస్తకం ఆయన చేతికిచ్చింది. "నలభై ఒకటి ఉండేవి సార్ గీతలు, ఫోటోతో చార్టు పోల్చుకున్నవాళ్లకి ఒక్కొక్కటి. ఇవాళ పొద్దున తొమ్మిది. చూపించడానికి కొత్తదేం లేదండి. పాత బోర్డు మీద ఒక సున్న ఉండేది, అది తెరలోకి రాలేదు. ఇప్పుడు వచ్చింది."

"ఎలా రాకుండా పోయింది?"

నేను కుర్చీలో ముందుకి జరిగాను. ఆమె నా వైపు చూడలేదు.

"తెలిసినవాళ్లు చెప్పలేదండి. అడగాల్సినవాళ్లు మళ్లీ వచ్చి అడగలేదు. వాళ్లు కొత్త పనిలో పడిపోయారు."

అధికారి పుస్తకం తిరగేశారు. "కంట్రోలర్, పొద్దున నువ్వు చేత్తో మార్చినవి ఎన్ని?"

"ఈ అయిదు రోజుల్లో ఒక్కటీ లేదండి," అన్నాడు ఈలబాబు. "ఆరేళ్లలో మొదటిసారి పొద్దున టీ వేడిగా తాగాను."

"పూల పని ఆపమనను," అన్నారు అధికారి మేనేజరుతో. "కానీ ఈ పుస్తకం నాకు ప్రతి నెలా పంపండి. ఈ గీతలు పెరిగిన నెల కొత్తదేదీ నా దగ్గరికి తేవద్దు."

"మేము కూడా అదే అనుకున్నాం సార్," అన్నాడు ఇంకేంటిగారు.

ఆమె కుర్చీ నిలబడింది. ఇప్పుడు వాళ్ల ఆఫీసులో ప్రతి మూడో వారం కొత్తదేదీ మొదలుపెట్టరట. అందరూ పాతదాని మీదే కూర్చుంటారట. ఆ మేనేజరు ఆ వారాన్ని తన ఆలోచనగా ఊరంతా చెప్పుకుంటున్నాడని విన్నాను. నేనేమీ ఆశ్చర్యపోలేదు.

ఈలబాబుకి నిజం నేనే చెప్పాను. అతను ఈలని అటూ ఇటూ తిప్పుతూ విని, "గురువుగారూ, ఆరేళ్ల చల్లారిన టీలు మీ ఖాతాలోనే," అని లేచి వెళ్లిపోయాడు. మర్నాడు మామూలుగానే పలకరించాడు. నేను తయారుచేసినవాడు కదా.

ముప్పయ్యో తారీకున డిపో నుంచి ఇంటికి వచ్చాక, సాయంత్రం కోడలు భోజనాల బల్ల మీద కొత్త నోటుపుస్తకం ఒకటీ, నాకిష్టమైన సిరా కలం ఒకటీ పెట్టింది.

"ఇంకా ఏమైనా దాచారా మామయ్యా?"

"నేనా?"

"మీరే."

వంటగది తలుపు తెరుచుకున్న చప్పుడు లేకుండానే మా ఆవిడ వచ్చి నా వెనక నిలబడింది. అందుకే ఆ తలుపు కిర్రుమంటేనే బాగుండేదని నేను ఇప్పటికీ అంటాను.

ఆ రాత్రి భోజనానికి ముందే రెండు రాసిచ్చాను. యాభై తొమ్మిదోది, అరవయ్యోది. కోడలు చదివి, ఏమీ అనకుండా మొదటి పేజీ మీద తారీకు వేసుకుంది. అరవై ఒకటోది ఉంది. అది రాయలేదు. ఆ అమ్మాయి మీద అనుమానం ఎప్పుడో పోయింది. మేనేజరు సంగతే నాకింకా తేలలేదు.